రెండో రాజు

రాజోలు,
12-9-1979.

శ్రీ దేవదానం గారికి,

నమస్కారాలు. నేను మీకు తెలియను. ఇక్కడి ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెబుతాను. పెద్ద టీచరు గారు దీర్ఘకాలం సెలవు పెట్టడంతో రెండు నెలలుగా ఇన్‌చార్జి బాధ్యత కూడా నా మీదే పడింది. వచ్చే ఫిబ్రవరికి బడి పెట్టి పాతికేళ్ళు నిండుతాయి. ఆ పండగకి పిల్లల చేత ‘వీరకేతు’ నాటకం వేయించాలని నా కోరిక.

ఆ నాటకాన్ని కోనసీమంతా ఆడింది మీ పేట సమాజమేననీ, అందులో మొదటి రాజు మీరేననీ విన్నాను. ఒక వేషాన్ని ఇద్దరు కట్టే పద్ధతి ఇప్పటి పిల్లలకి తెలియదు. యుద్ధం, పెళ్ళి ఉన్న మొదటి రెండు అంకాలూ మొదటి రాజువి. ఊరు తగలబడకుండా కిరీటం దించేసి, రేవులో పడవ నడుపుకుని, చివరికి మళ్ళీ పట్టం కట్టించుకునే మూడూ నాలుగూ రెండో రాజువి. ఇలా వివరిస్తే పకపకా నవ్వారు. “సగంలో మొగుడి మొహం మారిపోతే రాణి ఊరుకుంటుందా టీచర్?” అని అడిగింది ఒకత్తె.

నాటకం అచ్చు కాలేదు. రాతప్రతి వరదలో పోయిందట. ఎవరి భాగం వాళ్ళ నోట్లోనే మిగిలింది. మొదటి రెండు అంకాలూ ఇవాళ మీ దగ్గర తప్ప ఎక్కడా లేవు. రాసి పంపగలరా? రాయడం ఇబ్బందైతే నేనే వచ్చి రాసుకుంటాను.

ఇట్లు,
కె. రాజ్యలక్ష్మి

ఉప్పలగుప్తం,
20-9-79.

పంతులమ్మగారికి దేవదానం రాసేది.

ఉత్తరం అందింది. రాయటం ఇబ్బందా అని అడిగేరు. ఇబ్బంది లేదు. ముప్పయ్యో ఏట పాస్టరు గారి దగ్గర పలక పట్టి నేర్చుకున్నాను. నా అక్షరాలు గాలికి పడ్డ కొబ్బరి మట్టల్లాగ ఎటు పడితే అటు ఉంటాయి. మాట మటుకు నిలబడే ఉంటది.

నేను దింపు కూలీని. చెట్లెక్కి కాయలు దింపేవాణ్ణి. మాకు నాటకం నేర్పిన తాతాజీ గారు చెట్టు మొదట్లో మడత కుర్చీ వేసుకుని కూర్చునేవోరు. నేను పైన గెల నరుకుతా పద్యం ఎత్తుకుంటే, కిందనుంచి “తప్పు, మళ్ళీ” అనేవోరు. ఆయన మళ్ళీ అన్నప్పుడల్లా నేను ఇంకో చెట్టెక్కేవాణ్ణి. నా గొంతు అలా తయారైంది. మైకులు లేని రోజుల్లో కాలవ అవతల వాళ్ళు కూడా నా పద్యం విని లేచి కూర్చునేవోరు. గొప్ప చెప్పుకోటం కాదు. జరిగిన సంగతి.

మొదటి అంకం దీంతో పంపుతున్నాను. పద్నాలుగు ఠావులు అయింది. ఇది రాస్తా ఉంటే ఈ వయసులో నా చేతుల మీద రోమాలు లేచేయి. ఆ మాటలు ఎవరు కట్టేరో గాని మనిషి కాదండి.

మీరు ఇన్‌చార్జి అన్నారు కాబట్టి ఒక ముక్క చెబుతాను. యుద్ధానికి వెళ్ళే ముందు వీరకేతు సైన్యం ముందరికి పోడు. వెనక్కి పోతాడు. ఆఖరి వరసలో గుర్రాలకి నీళ్ళు పెట్టే ముసలాణ్ణి పేరు పెట్టి పిలుస్తాడు. అంతే, సైన్యం అంతా లేచి నించుంటది. నేను ఆ పేరు పిలిచిన ప్రతిసారీ జనంలో ఆడా మగా ఏడ్చేవోరు. ఎందుకేడుస్తున్నారో నాకు చాన్నాళ్ళు తెలీలేదు. రాజు కేకలెయ్యడండి. కేకలేసేవాడు మేస్త్రీ. కడపటివాడి పేరు తెలిసినవాడే రాజు.

మీ బళ్ళో గంట కొట్టేవాడి పేరేంటి?

రాజు వేషం కట్టే పిల్ల నెత్తిన రెండు కొబ్బరికాయలు పెట్టి నడిపించండి. కాయ కింద పడితే అది రాజు నడక కాదు.

దేవదానం

రాజోలు,
8-10-1979.

దేవదానం గారికి,

మొదటి అంకం అందింది. ఒక్క గుక్కలో చదివి, మళ్ళీ మొదటికి వచ్చాను. ఠావుల మీద అక్కడక్కడా కొబ్బరి పీచు మరకలున్నాయి. అవి కూడా దాచుకుంటాను.

మీ ప్రశ్నకి సిగ్గుపడ్డాను. గంట కొట్టే ఆయన పేరు నాకు తెలియదు. “అటెండరూ” అని పిలిచేదాన్ని. మర్నాడు అడిగితే “ముసలయ్యండి” అన్నాడు. వారం తర్వాత వేదిక కోసం బెంచీలు మోయాల్సి వచ్చింది. టీచర్లందరూ తలో సాకూ చెప్పి తప్పుకున్నారు. “ముసలయ్య గారూ, ఏం చేద్దాం?” అన్నాను. సాయంత్రానికి ముప్పై బెంచీలూ మైదానంలో ఉన్నాయి. ఆయన్ని చూసి సిగ్గుపడి డ్రిల్లు టీచరు కూడా ఓ పది మోసింది. నేను ఎవరి మీదా కేక వెయ్యలేదు. నాటకంలో మాట అలా నా ఎదుట బెంచీలు మొయ్యడం చూసి నిజంగా భయం వేసింది.

మొదటి రాజు శ్యామల. మా కమిటీ ప్రెసిడెంటు నరసింహమూర్తి గారి అమ్మాయి. మంచి గొంతు. ఇప్పటికి పదకొండు కొబ్బరికాయలు పగలగొట్టింది. రెండో రాజు కాంతం. వాళ్ళమ్మ పీచు ఒలిచి బతుకుతుంది. ఈ పిల్ల నెత్తి మీద కాయలు పెడితే కదలవు. “నీళ్ళ బిందె అలవాటేనండి టీచర్” అంది.

మూడో అంకం గురించి బెంగ లేదు. తెలిసినవాళ్ళు దొరికారు. రెండోది త్వరగా పంపండి.

రాజ్యలక్ష్మి

ఉప్పలగుప్తం,
2-11-79.

పంతులమ్మగారికి,

రెండో అంకం పంపుతున్నాను. ఇది పెళ్ళి అంకం. ప్రేమంటే ఏంటో తెలియనోళ్ళకి ఇదొక్కటి చాలు. రాణి తండ్రి కోట తలుపులు మూసేస్తాడు. వీరకేతు ఏడు రోజులు తలుపు ముందు నించుంటాడు. వానొచ్చినా కూర్చోడు. ఎనిమిదో రోజు రాణే తలుపు తీస్తది. కావలసిందాని కోసం నించున్నవాడికి దక్కుద్ది. కూర్చున్నవాడికి దక్కదు. ఇదీ నాకు తెలిసిన ప్రేమ.

మా ఆవిడ సత్తెమ్మ ఈ అంకం చూసే నన్ను చేసుకుంది. పెళ్ళైన మూడు నెలలకి, అన్నం పెడతా, “అవునుగానీ, ఆ రాజు ఎప్పుడొస్తాడు?” అని అడిగింది. ఏ రాజే అన్నాను. “ఆ తలుపు ముందు నించున్నాయన. మీరు మీ ఇంటి తలుపు కూడా తన్ని తీస్తారు కదా” అంది. ఆవిడ పోయి నాలుగేళ్ళైంది. ఇప్పుడు తలుపు నేనే మెల్లిగా తీసుకుంటున్నాను.

ఒక సంగతి. మూడో అంకం తీసెయ్యండి. అందులో పద్యాలు తక్కువ. రాజు పడవెక్కి కూర్చుంటాడు. నా వేషం అయిపోయాక నేను చుట్ట ముట్టించుకుని బయటికి పోయేవాణ్ణి. ఆ అంకం ఒక్కనాడూ కూర్చుని చూసింది లేదు. సత్తెమ్మ మాత్రం ప్రతిసారీ చూసి కళ్ళు వాచిపోయి ఇంటికొచ్చేది. ఆడాళ్ళ ఏడుపు ఆడాళ్ళది.

తెలిసినవాళ్ళు దొరికేరని రాసేరు. ఎవరా తెలిసినవాళ్ళు?

దేవదానం

రాజోలు,
25-11-1979.

దేవదానం గారికి,

ఇబ్బందిలో పడి రాస్తున్నాను.

నరసింహమూర్తి గారు నిన్న రిహార్సలుకి వచ్చారు. శ్యామలే నాలుగు అంకాలూ చెయ్యాలి, రెండో రాజు అక్కర్లేదు అన్నారు. అది పద్ధతి కాదండీ అన్నాను. ఆయన నవ్వి, “నాకు పద్ధతులు చెబుతారేంటండీ? యాభై రెండులో కొత్తపేట తీర్థంలో దేవదానం ఒక్కడే నాటకం అంతా లాక్కొచ్చాడు. నా కళ్ళతో చూశాను. ‘వన్స్‌మోర్’ అని అరిచి అరిచి మూడు రోజులు నాకు మాట రాలేదు. రాజంటే అదీ!” అన్నారు.

కాంతం అక్కడే ఉంది. నెత్తి మీది కాయలు తీసి నేల మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది. ఇవాళ బడికి రాలేదు.

నేను విన్నది వేరు. ఆ రోజు రెండో రాజుకి గొంతు పట్టేసిందనీ, తనే మిమ్మల్ని వెళ్ళమన్నాడనీ, మీరు ఆట కాపాడారనీ విన్నాను. రెండో రాజే స్వయంగా అందరికీ అలా చెప్పాడట. ఆ సంగతి మీ చేత్తో ఒక కార్డు ముక్క రాసి పంపితే చాలు. అది గత్యంతరం లేక చేసిన పని, పద్ధతి కాదు అని కమిటీకి చూపిస్తాను. మీ మాట అంటే ఆయనకి వేదం. కాంతం వేషం మీ చేతిలో ఉంది.

రాజ్యలక్ష్మి

ఉప్పలగుప్తం,
1-12-79.

పంతులమ్మగారికి,

నిజమే. ఆ రోజు రెండో రాజుకి గొంతు బాగోలేదు. అందుకే నేను చేసేను. నాటకానికి ఇద్దరు రాజులు ఉండాలి.

దేవదానం

రాజోలు,
10-12-1979.

దేవదానం గారికి,

మీ కార్డు పనిచేసింది. నరసింహమూర్తి గారు దాన్ని రెండుసార్లు చదివి, “అలాగైతే సరే, దేవదానం చెప్పాక తిరుగేముంది” అన్నారు. ఆ కార్డు ఆఫీసు గదిలో అద్దాల బీరువాలో పెట్టించారు. కాంతం మళ్ళీ వస్తోంది. ముసలయ్య గారే వెళ్ళి తీసుకొచ్చారు.

పండగ ఫిబ్రవరి పదో తారీఖు, ఆదివారం మధ్యాహ్నం. మీరు ముఖ్య అతిథిగా రావాలి. బోడసకుర్రు రేవు దాటితే అక్కడికి మనిషిని పంపుతాను.

కృతజ్ఞతలతో,
రాజ్యలక్ష్మి

ఉప్పలగుప్తం,
2-1-80.

పంతులమ్మగారికి,

క్రిస్మస్ నాడు చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళలేకపోయేను. పాస్టరు గారు రొట్టె పట్టుకుని చూస్తా ఉన్నారు, నేను వెనక్కి వచ్చేసేను. అందుకని రాస్తున్నాను.

ఆ కార్డు బీరువాలోంచి తీసి పారెయ్యండి. అది అబద్ధం.

ముత్యాలు గొంతు ఆ రోజు బాగానే ఉంది. రెండో రాజు పేరు ముత్యాలు. బోడసకుర్రు రేవులో పడవ నడిపేవాళ్ళ ఇంటి బిడ్డ. నాకన్నా ఆరేళ్ళు చిన్నోడు. అన్నా అన్నా అని నా వెనకాల తిరిగేవాడు. నా చెట్టు మోకు వాడే పేనేవాడు. వాడు పేనిన మోకు మీద నేను పదేళ్ళు చెట్లెక్కేను, ఒక్కసారి జారలేదు.

మా సమాజానికి ఒక పద్ధతి ఉండేది. రెండో అంకం అయ్యేక, లోపలి తెర వెనక, మొదటి రాజు తన చేత్తో కిరీటం తీసి రెండో రాజు నెత్తిన పెట్టాలి. ఇంకెవరూ ముట్టకూడదు. అది పెట్టేదాకా రెండో రాజు జనంలోకి అడుగు పెట్టకూడదు.

కొత్తపేటలో ఆ రోజు జనం నన్ను వదల్లేదు. ఒన్సుమోరు, ఒన్సుమోరు. లోపలికొచ్చేను. ముత్యాలు తల వంచి నించున్నాడు కిరీటం కోసం. బయట కేకలు. నేను పెట్టలేదండి. తెర తోసుకుని మళ్ళీ బయటికి పోయేను. ఇంకో పద్యం పాడి లోపలికొస్తే వాడు అలాగే తల వంచి ఉన్నాడు. మళ్ళీ పోయేను. మూడోసారి వచ్చేసరికి లేడు. మొహం రంగు తుడిచిన గుడ్డ నేల మీద ఉంది.

మూడో అంకం నాకు రాదు. అందుకని పడవ సీను ఎగరగొట్టేసేను. మొదటి అంకంలో పద్యాలే మళ్ళీ పాడి, ఏకంగా పట్టాభిషేకానికి పోయేను. జనం చప్పట్లు కొట్టేరు. మధ్యలో రాజ్యం పోయిందని గాని, వచ్చిందని గాని ఎవరూ అడగలేదు.

ముత్యాలు మళ్ళీ ఆటకి రాలేదు. రెండో రాజు లేక ఏడాదికి సమాజం మూతపడింది. ఆ రోజు నుంచీ నేను ఆ రేవు దాటలేదు. మా చెల్లెలి పెళ్ళికి కూడా దాటలేదు. వాడు నన్ను ఊరూరా తిడతా ఉంటాడనుకున్నాను. తిట్టనీ అనుకున్నాను. ఇరవై ఏడేళ్ళు నాకు అదే ధైర్యం. ఇప్పుడు మీరేమో, గొంతు బాగోలేదని వాడే చెప్పేడని రాసేరు.

పంతులమ్మగారూ, అంత పని మనిషి చేస్తాడా? నాకు అర్థం కావట్లేదు. వాన మబ్బు కింద ఒక్కణ్ణీ నించున్నట్టుంది.

కిరీటం ఇంకా నా దగ్గరే ఉంది. ట్రంకు పెట్టెలో. బెండు మీద బంగారు కాయితం.

చెట్టెక్కటమే గొప్పనుకున్నాను. దిగటం రానివాణ్ణి ఊళ్ళో ఎవరూ దింపుకి పిలవరు. ఆ సంగతి నా పనిలో తెలుసు, నాటకంలో తెలీలేదు.

ఇక కాంతం వేషం సంగతి. ఒక్క రాజుతో ఆడొచ్చా అంటే, ఆడొచ్చు. అది దొంగతనం. అలా రాసి బీరువాలో పెట్టించండి.

దేవదానం

రాజోలు,
12-1-1980.

పెదనాన్నగారికి,

ఇలా పిలుస్తున్నందుకు మన్నించండి. నేను ముత్యాలు గారి అమ్మాయిని.

మొదటి ఉత్తరంలోనే చెప్పాలనుకున్నాను. “నా పేరు చెబితే మొహమాటపడతాడమ్మా, చెప్పకు” అన్నారు నాన్న. మూడో అంకం నేర్పుతున్నది ఆయనే. ఆదివారం ఆదివారం రేవు నుంచి నడిచి వస్తారు. చిన్నప్పుడు నన్ను పడవలో కూర్చోబెట్టుకుని చెప్పేవారు: “దేవదానం అన్న గొంతు వినలేదు గానీ నువ్వు, విని ఉంటే గోదారి కూడా ఆగిందనుకుందువు. నా గొంతు పట్టేసిన రోజున ఆటంతా ఒక్క భుజం మీద మోసేడు.” నేను ఆ మాట నమ్మి పెరిగాను. మీకు రాసింది ఆ నమ్మకంతోనే.

మీ ఉత్తరం చదివిన రోజు నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. రెండు రోజులు ఊరుకున్నాను. తర్వాత రిహార్సల్లో మూడో అంకం జరుగుతుండగా, ఎన్నోసార్లు విన్న ఒక మాట దగ్గర నేను లేచి నిలబడిపోయాను. ఆ మాట ఏమిటో రాయను. మీరు వచ్చి, కూర్చుని, వినాలి.

నాన్నకి మీ ఉత్తరం చూపించలేదు. అది నేను చెప్పే మాట కాదు. కార్డు మాత్రం బీరువాలోనే ఉంది. అది తీసే అధికారం కూడా నాది కాదు.

మీ
రాజ్యలక్ష్మి

ఉప్పలగుప్తం,
20-1-80.

అమ్మాయి రాజ్యలక్ష్మికి,

వస్తాను. కిరీటం తెస్తాను. రాజుల మార్పు తెర వెనక వద్దు, జనం ముందర పెట్టించు. రేవులోకి మనిషిని పంపొద్దు. దారి నాకు తెలుసు.

దేవదానం

రాజోలు,
12-2-1980.

పెదనాన్నగారికి,

చెప్పకుండా వెళ్ళిపోయారు. అయినా చెప్పవలసింది మూడు వందల మంది ముందు చెప్పాకే వెళ్ళారు.

నరసింహమూర్తి గారు దండ వేస్తూ, “కొత్తపేట సింహం” అన్నప్పుడు మీ మొహం చూశాను. రెండో అంకం అయ్యాక మీరు కిరీటం గుడ్డ విప్పుతూ వేదిక ఎక్కారు. “ఆ రోజు ముత్యాలు గొంతు బాగానే ఉందండి. నేనే ఇది దించలేదు. బీరువాలో ఉన్న కార్డు అబద్ధం” అన్నారు. మీ గొంతుకి మైకు అక్కర్లేకపోయింది. ప్రెసిడెంటు గారు చేతిలో విసనకర్ర అలాగే పట్టుకుని ఉండిపోయారు. శ్యామల ఆ పాత కిరీటాన్ని తన నెత్తిన ఒక్క క్షణం పెట్టుకుని, తీసి, కాంతం తల మీద పెట్టింది. నేను చెప్పకుండానే వంగి కాంతం కాళ్ళకి దణ్ణం పెట్టింది.

నిన్న ప్రెసిడెంటు గారు కార్డు ఆయనే తీసి నాకిచ్చారు. “ఆ కేకల్లో నా కేక కూడా ఉందమ్మా” అన్నారు.

ఇంక అడగవలసింది ఒకటే. ఆట అయ్యాక మీరూ నాన్నా ఇద్దరూ కనబడలేదు. చీకటి పడ్డాక నాన్న చొక్కా తడుపుకుని ఇంటికొచ్చారు. నవ్వుతున్నారు. ఏమిటి నాన్నా అంటే “ఏం లేదమ్మా” అంటారు. ఏం జరిగింది?

మీ
రాజ్యలక్ష్మి

ఉప్పలగుప్తం,
17-2-80.

అమ్మా రాజ్యలక్ష్మీ,

నీకు కనబడని సంగతి రాస్తున్నాను.

కుర్చీ వేసేరు గాని నేను కూర్చోలేదు. ముందర ఇసకలో, చిన్నపిల్లల పక్కన కూర్చున్నాను. మూడో అంకం చూట్టం నా జన్మలో అదే మొదలు. ఆ కాంతం కిరీటం తీసి ఊరి జనం కాళ్ళ దగ్గర పెట్టి, వట్టి కాళ్ళతో కోట మెట్లు దిగింది చూడు. ఆ పిల్ల దిగుతా ఉంటే రాజు ఎత్తు పెరుగుతున్నాడు. నా కళ్ళని నేను నమ్మలేదు. నేను కట్టింది వేషం. అది రాజు.

తర్వాత పడవ. శత్రువుల భటులు ఎక్కేరు, రాణి ఎక్కింది. భటుడు పడవవాణ్ణి “నీ పేరేంటి, నోరు విప్పు” అన్నాడు. విప్పితే ఆ గొంతు దేశమంతా ఎరుగుదురు, తల పోద్ది. రాణి గుర్తుపట్టింది. ఏడవలేదు. పేరు పిలవలేదు. “పాపం, వాడికి గొంతు బాగోలేదయ్యా” అంది. అని, వచ్చి రెండో తెడ్డు పట్టుకుంది.

అమ్మా, అక్కడ నేను రెండు చేతులతో ఇసక పట్టుకున్నాను. పట్టుకోపోతే పడిపోదును.

ఆ మాట నాటకంలోదా! మనిషి పరువు పోయేచోట ఇంకో మనిషి కప్పే గుడ్డ అది. ముత్యాలు అక్కడినుంచి తెచ్చి నా మీద కప్పేడు. నేను చుట్ట కాల్చుకోటానికి పోయిన అంకంలోంచి. తలుపు ముందు నించోటమే ప్రేమని నీకు రాసేను కదా. కొట్టెయ్. సత్తెమ్మ ఎందుకేడ్చేదో ఇన్నాళ్ళకి తెలిసింది. వెళ్ళి చెబుదామంటే లేదు.

ఆట అయ్యేక పక్క తెర దగ్గరికి పోయేను. మీ నాన్న బెంచీ మీద కూర్చుని పిల్లల రంగు తుడవటానికి కొబ్బరినూనె కలుపుతున్నాడు. ముసలోడైపోయేడు. నన్ను చూసి లేచి, “అన్నా, గొంతు అలాగే ఉందే!” అన్నాడు. ఇరవై ఏడేళ్ళకి అదీ మొదటి మాట.

“ఒరేయ్ ముత్యాలూ, నీది కూడా ఆ రోజు బాగానే ఉందిరా” అన్నాను.

“ఆయ్” అన్నాడు. నూనె చెయ్యి పంచెకి తుడుచుకుని, “ఆఖరి పంటు పడవ వెళ్ళిపోయుంటది. పద, నేను దింపుతాను” అన్నాడు.

చిన్న పడవ. నేను ముందర కూర్చున్నాను, వాడు వెనకాల తెడ్డేస్తున్నాడు. పొద్దు గుంకుతోంది. ఏరంతా రాగి చెంబులాగ ఉంది. చెప్పాల్సినవన్నీ గుండెల్లో ఉన్నాయి, ఒక్కటీ నోటికి రాలేదు. కాలవ అవతలికి వినబడే గొంతు నాది. బారెడు దూరంలో ఉన్న మనిషికి ఒక్క మాట అందించలేకపోయింది.

“మాట్లాడకులే అన్నా, నీకు గొంతు బాగోలేదు” అన్నాడు వెనకనుంచి.

నడి ఏట్లో నేను లేచి, కింద పడున్న రెండో తెడ్డు తీసుకున్నాను. నాకు చేతకాలేదు. నీళ్ళన్నీ వాడి మీదే పోసేను. అదీ మీ నాన్న చొక్కా సంగతి. పడవ రెండుసార్లు గుండ్రంగా తిరిగింది. వాడు నవ్వుతానే ఉన్నాడు, వద్దని మటుకు అనలేదు.

యాభై ఏళ్ళు చెట్లెక్కి కాయలు కాచిన చేతులు నావి. ఇంక వీటికి ఏదీ అంటదనుకున్నాను. మర్నాడు పొద్దున చూస్తే రెండు అరిచేతులూ బొబ్బలెక్కి ఉన్నాయి, ఇంకా మానలేదు. అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

వచ్చే ఆదివారం మళ్ళీ రేవుకి వస్తానని వాడికి చెప్పు.

దేవదానం